ఒబ్రెన్ తోలిన తెల్లమంద

బ్రెజోవిక్‌లో వడగళ్ళ మబ్బు లేచిందంటే జనం ముందుగా చూసేది ఆకాశం వైపు కాదు, విదొసావ ఇంటి వైపు. ఆవిడ పెరట్లోకి వచ్చి, పొట్టికాళ్ళ బల్ల వేసి, దాని మీద రొట్టె, ఉప్పు పెట్టి, గొడ్డలిని పదును పైకి ఉండేలా గడ్డిలో నిలబెట్టిందంటే ఇక ఫరవాలేదని ఎవరి పనుల్లో వాళ్ళు పడేవారు. ద్రగాచెవో కొండల్లో ఇలాంటి ఆడవాళ్ళు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు. నేర్చుకుంటే వచ్చే విద్య కాదది. కొన్ని ఇళ్ళల్లో, ఆ ఇళ్ళల్లోనూ ఏ ఒక్కరికో, రక్తంలో దిగుతుంది. విదొసావకు మేనత్త నుంచి దిగింది.

నీళ్ళలో మునిగి పోయినవాళ్ళే మబ్బుల్ని తోలుకొస్తారని అక్కడి నమ్మకం. చేతిలో కొవ్వొత్తి లేకుండా, చెవిలో ప్రార్థన పడకుండా పోయినవాళ్ళు కదా, పైన ఒకచోట కుదురుగా ఉండలేక తెల్ల ఆవుల మందల్ని కాస్తూ తిరుగుతుంటారు. ఆ మంద తొక్కిన చోటల్లా వడగళ్ళు పడతాయి. ఊళ్ళో అందరికంటే చివర మునిగినవాడెవడో, ఆ ఊరి మీదికొచ్చే మబ్బుకు కాపరి వాడే. వాణ్ణి పేరు పెట్టి పిలిచి, మందను మళ్ళించమని చెప్పాలి. ఎవరు పడితే వాళ్ళు పిలిస్తే వినడు. ఆ గొంతున్నవాళ్ళు పిలవాలి.

చాలా ఏళ్ళపాటు ఆ కాపరి మిలొయే అనే పిండిమర మనిషి. తప్పతాగి మర వెనక మడుగులో పడ్డాడు. విదొసావ అతణ్ణి పనికిమాలిన అల్లుణ్ణి తిట్టినట్టు తిట్టేది.

"ఒరేయ్ మిలొయే! మళ్ళీ తాగి దారి తప్పావట్రా? అటు తోలు, అటు! నీ ఆవులకి మేత పెట్టడానికి ఇక్కడ నీ అత్తగారెవరూ కూర్చుని లేరు!"

కంచెల అవతల నుంచి జనం నవ్వేవారు. మనవడు ఒబ్రెన్, మనవరాలు స్మిల్యాన వసారాలో కూర్చుని ఆ తిట్లన్నీ నేర్చుకుని ఒకరి మీద ఒకరు వాడుకునేవారు. మబ్బు మాత్రం నిజంగానే మళ్ళేది.

ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు కరిగి ఏరు పొంగింది. పక్కింటి తిహొమిర్ పెయ్యదూడ వరదలో చిక్కుకుంటే ఒబ్రెన్ దిగాడు. పంతొమ్మిదేళ్ళవాడు, చిన్నప్పటి నుంచీ ఆ ఏట్లో ఈదినవాడు. దూడని ఒడ్డు మీదికి నెట్టాడు. ఆ తర్వాత తను కనబడలేదు. మర్నాడు వంతెన దగ్గర దొరికాడు.

స్మిల్యానకు అప్పుడు పదహారేళ్ళు. అన్న నీలం జీన్స్ జాకెట్ తొడుక్కుని, చేతులు అంచుల్లో మునిగిపోయి, ఊరంతా తిరిగేది. బడికని బయల్దేరి కొండ మీదికి పోయేది. తండ్రి రాదిసావ్ లారీ డ్రైవరు. కొడుకు పోయిన తర్వాత మరిన్ని ట్రిప్పులు ఒప్పుకున్నాడు. ఇల్లు చూడడం ఇష్టం లేక అలా చేస్తున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. తల్లి ల్యుబింక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఇల్లు కడిగేది. కడిగిన ఇల్లే మళ్ళీ కడిగేది. నాయనమ్మ విదొసావ పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని వడికేది. ముగ్గురాడవాళ్ళూ ఒకే బల్ల దగ్గర బీన్స్ పులుసు తినేవారు గాని, ఆ పేరు ఎత్తితే ఏమవుతుందోనని ముగ్గురికీ భయమే.

మే నెలలో ఓ మధ్యాహ్నం స్మిల్యాన కొండ గట్టు మీద కూర్చుని ఉంది. కింద రాస్ప్‌బెర్రీ తోటలు పూత మీద ఉన్నాయి. ఉన్నట్టుండి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి, చల్లటి నీళ్ళు తాగినట్టు. పడమట, దూరంగా, ఓ మబ్బు కొండ అవతలి లోయ వైపు సాగిపోతోంది. ఉరుము వినిపించింది. ఉరుము కాదనుకుంది మరుక్షణం. ఉరుముకు అంత ఊపిరి ఉండదు. ఎన్నో పశువులు ఒక్కసారి రొప్పుతున్నట్టుంది. మెడగంటలు కూడా వినిపించాయి. వాటన్నిటి మీదుగా సన్నగా ఈల.

ఒబ్రెన్ ముందుపళ్ళ మధ్య సందు ఉండేది. ఆ సందులోంచి వేసే ఈల, మొదట గాలి లీకయి తర్వాత స్వరం పట్టేది. అలాంటి ఈల ఊళ్ళో ఇంకెవరూ వేయలేరు.

స్మిల్యాన లేచి నిలబడింది. గట్టిగా అరవలేదు. వంటింట్లో పక్కనున్న మనిషితో అన్నట్టు అంది: "అన్నయ్యా, ఇటు రా."

మబ్బు ఆగింది. గాలి ఎటు వీస్తోందో గడ్డి చెబుతూనే ఉంది, ఆ గాలికి ఎదురుగా మబ్బు తిరిగింది. గట్టు దాటి, లోయ దాటి, నెత్తి మీదికి వచ్చింది. చిక్కుడు గింజలంత వడగళ్ళు ముందు రాళ్ళ మీద, తర్వాత ఆమె భుజాల మీద టపటపా పడ్డాయి. ఈల అంత దగ్గరగా వినిపిస్తుంటే స్మిల్యాన ఏడుస్తూ, నవ్వుతూ ముఖం పైకెత్తి నిలబడింది. నుదురు చిట్లి రక్తం కారుతున్నా కదల్లేదు.

మబ్బు వెళ్ళిపోయాక కిందికి చూసింది. తోటల్లో పూత లేదు. తెల్లగా కనిపిస్తున్నదంతా మంచే.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో పొట్టిబల్ల వేసే ఉంది. రొట్టె తడిసి ముద్దయింది. నాయనమ్మ దాని పక్కనే, నల్ల తలగుడ్డ నుంచి నీళ్ళు కారుతుండగా, బొమ్మలా నిలబడి ఉంది. నోరు తెరుచుకునే ఉంది. మాట మాత్రం రాలేదు.

వారం తిరక్కుండానే ఊరి కొట్టు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. స్మిల్యాన ఈస్ట్ కోసం వెళ్ళినప్పుడు దెసాంక అనే ఆవిడ, ఈ పిల్లకు వినబడాలనే అంది: "విదొసావమ్మకి నోరు పడిపోయిందా ఏం? పూతంతా రాలిపోతుంటే చూస్తూ నిలబడిందట. ఊళ్ళో మొగుడి ముందూ అత్త ముందూ ఆగని నోరు, అక్కరకి ఆగిందా?"

"నీ నోరుంది కదా, దెసాంకా," అన్నాడు తలుపు దగ్గరున్న తిహొమిర్. "నువ్వరిస్తే మబ్బేం ఖర్మ, ఇంట్లో మొగుడు కూడా ఊరు దాటి పోతాడు."

తిహొమిర్ ఆ ఊరి రాకెట్ మనిషి. వడగళ్ళ మబ్బుల్లోకి పేల్చే రాకెట్ల గొట్టాలు చర్చి వెనక దిబ్బ మీద ఉంటాయి, వాటికి కాపలా ఆయనే. ఆ ఏడు ప్రభుత్వం నుంచి రాకెట్లు రాలేదు. గొట్టాల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. ఆయన స్మిల్యానతో పాటు దారి వరకు నడిచాడు. "దూడని అమ్మేద్దామనుకున్నానమ్మా," అన్నాడు. "చేతులు రాలేదు. ఉంచుకుందామన్నా దాని ముఖం చూడలేకపోతున్నా."

"ఉంచు బాబాయ్," అంది స్మిల్యాన. "వాడు దానికోసమే కదా దిగింది."

ఆ సాయంత్రం నాయనమ్మ ఉన్ని పక్కన పెట్టి ఆమెను పిలిచింది. ల్యుబింక నేల తుడుస్తోంది.

"నుదుటికి ఆ దెబ్బ ఎక్కడిది?"

"పడ్డాను."

"అబద్ధాలు నా దగ్గరా? గాలికి ఎదురు తిరిగిన మబ్బుని నా జన్మలో చూళ్ళేదు. నువ్వే పిలిచావు కదూ?"

స్మిల్యాన తల వంచుకుంది. "ఈల వినబడింది నాయనమ్మా," అంది.

ముసలావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "నా దగ్గర్నుంచి మీ నాన్న మీదుగా దూకి నీకొచ్చిందన్నమాట. మీ నాన్నకి పదో ఏట నుంచీ పరీక్ష పెట్టాను, వాడికి లేదు. నాతో పోతుందనుకున్నా. పోతేనే బావుణ్ణు."

"నువ్వెందుకు అరవలేదు?"

"ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ బిడ్డల్ని తరిమాను. తేలిగ్గా తరిమాను, పరాచికాలాడుతూ తరిమాను. నేను అరుస్తున్నప్పుడల్లా మిలొయే వాళ్ళమ్మ కిటికీ మూసుకునేది. ఎందుకు మూస్తోందీ అని ఒక్కనాడూ ఆలోచించలేదే. ఎత్తుకు పెంచినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, పోరా అవతలికి అనాలంటే..." ఆవిడ గొంతు పట్టుకుంది. "ఇక్కడ తాళం పడింది."

"ఆపండి!" ల్యుబింక తడిగుడ్డ నేలకేసి కొట్టింది. "చదువుకునే పిల్లకి ఏం నూరిపోస్తున్నారత్తయ్యా? నా కొడుకు మబ్బుల్లో ఆవులు కాయట్లేదు. గుట్ట మీద మట్టిలో ఉన్నాడు. నా చేతుల్తో నేను బట్టలు తొడిగాను. వాడికి ఈలలూ లేవు, మందలూ లేవు!"

తలుపు ధడేలున వేసుకుని వెళ్ళిపోయింది. బయట కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఇంట్లో అప్పటికే చలికాలానికి సరిపడా కట్టెలున్నాయి.

"నాయనమ్మా," అంది స్మిల్యాన, చప్పుడు ఆగేదాకా ఉండి, "వాడు కిందికి రాలేడా?"

"వస్తాడు. చూశావు కదా ఎలా వస్తాడో. వడగళ్ళుగా తప్ప ఇంకోలా రాలేడు. వాడికది తెలీదు పాపం. ఇంటికొస్తున్నాననుకుంటాడు."

"మళ్ళిస్తే ఎటు పోతాడు?"

"కోడికూత వినబడని చోటికి. రాళ్ళు తప్ప ఏమీ పండని చోటికి. అక్కడ ఆ మంద ఎంత తొక్కినా ఎవరికీ నష్టం లేదు. మళ్ళీ వేసవిలో వస్తారు. కానీ ఏటేటా నా గొంతు గుర్తుపట్టడం తగ్గుతూ వచ్చింది మిలొయేకి. ఆఖరి ఏళ్ళల్లో కొత్తవాణ్ణి పిలిచినట్టే ఉండేది."

స్మిల్యానకు అర్థమైంది: అన్నయ్య కూడా మర్చిపోతాడన్నమాట. ఆ తర్వాత ఆమె రోజూ గట్టెక్కింది. పిలవలేదు. పిలవకుండా ఉండడం కోసం జాకెట్ కాలరు పళ్ళ మధ్య పెట్టి కొరికేది. ఒక్కసారి, ఒక్కసారే, నష్టం లేని చోట, అడవిలోకి వెళ్ళి పిలిస్తే తప్పేముంది అనుకునేది. అడవి దాటాక వేరే ఊరి తోటలున్నాయని గుర్తొచ్చేది. ఆ ఊళ్ళో తన క్లాసు పిల్లలు ఉన్నారు.

వడగళ్ళు కొట్టిన తోటలు మెల్లగా కోలుకున్నాయి. రాలినది రాలగా మిగిలిన మొగ్గలు కాయపట్టాయి. జూన్ ఆఖరుకి పళ్ళు ఎర్రబడ్డాయి. ఊరికి ఏడాది తిండి ఆ పళ్ళే. కోతకు పొరుగూళ్ళ నుంచి కూలీలు వచ్చారు, ఇంటింటా ట్రేలు పేర్చారు.

మబ్బు వచ్చింది పట్టపగలు, కోత మధ్యలో. ముందు స్మిల్యాన పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకా ఆకాశం నీలంగానే ఉంది. "ట్రేలు ఎత్తండి! లోపల పెట్టండి!" అని అరిచింది. కూలీలు నవ్వారు. కాసేపటికి పడమటి కొండ మీద ఆకుపచ్చ కలిసిన నలుపు లేచింది. నవ్వు ఆగిపోయింది. తిహొమిర్ దిబ్బ మీదికి పరిగెత్తి, రాకెట్లు లేవన్న సంగతి అక్కడికెళ్ళాక గుర్తొచ్చి, చర్చి గంట అందుకున్నాడు.

స్మిల్యాన పెరట్లోకి వచ్చేసరికి నాయనమ్మ బల్ల వేసింది. రొట్టె, ఉప్పు, గొడ్డలి అన్నీ ఉన్నాయి. కంచె వెంబడి జనం పోగయ్యారు. ల్యుబింక డ్యూటీ బట్టల్లోనే గుమ్మంలో నిలబడి ఉంది.

"రా," అంది విదొసావ. "నా వల్ల కాదు. నీ వల్ల కాకపోతే తోటలు పోతాయి, పోనీ. ఎవరూ నిన్నేమీ అనరు. అంటే నేను చూసుకుంటా."

ఈల వినిపించింది. ఈసారి దూరంగా కాదు. ఇల్లు చేరబోయేవాడు మలుపులో వేసే ఈలలా, హుషారుగా ఉంది.

స్మిల్యాన నాయనమ్మ మాటలే అందుకుంది. "ఓ ఒబ్రెన్! నీ తెల్ల ఆవుల్ని మళ్ళించు! మా పొలాల మీదికి..." గొంతు పెళుసుగా, చర్చిలో పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. మబ్బు ఆగలేదు. ముందుకు వచ్చి, ఊరి మొదటి ఇళ్ళ మీద నీడ పరిచింది. కంచె దగ్గర ఎవరో ఏడుస్తున్నారు.

ఆమె బల్లని తోసేసింది. రొట్టె గడ్డిలో పడింది. నాలుగడుగులు ముందుకేసి తల పైకెత్తింది.

"ఒరేయ్ అన్నయ్యా! చెవుడా నీకు? నేనేరా, స్మిల్యానని! ఈ మధ్యాహ్నం భోజనానికి నువ్వు లేవు! ఎవరూ నీకు పళ్ళెం పెట్టలేదు! పెట్టాలని నాకూ ఉంది. నీ జాకెట్ నేనే వేసుకున్నా, చూడు, జేబు చిరిగింది, తిట్టుకో! నీ సైకిల్ ట్యూబ్‌లో గాలి లేదు. అమ్మ ఇల్లు కడిగి కడిగి చేతులు పగలగొట్టుకుంది. నాన్న ఇంటికి రావట్లేదు. నువ్వు గట్టు మీదికి తోసిన దూడ బతికింది, బలిసింది, తిహొమిర్ బాబాయి క్యాబేజీలన్నీ తినేసింది. విన్నావా? నువ్వు చేసిన పని పూర్తయింది. మళ్ళీ రానక్కర్లేదు!"

మబ్బు నెత్తి మీద ఆగిపోయింది. మెడగంటల చప్పుడు ఆగింది. రొప్పు మాత్రం ఉంది, మంద నిలబడినట్టు.

"నువ్వొస్తే ఇవన్నీ పోతాయి," అంది స్మిల్యాన. ఇప్పుడు అరవడం లేదు. "మన తోటలో నువ్వు నాటిన వరస కూడా పోతుంది, ఆ చివరిది. నేను రమ్మన్నాను, నిజమే. తప్పు నాదే. నాకు నువ్వు కావాలి, అందుకే పిలిచా. ఇప్పుడు చెబుతున్నా విను. పైకి తోలుకెళ్ళు. రాళ్ళ మీదికి. నెమ్మదిగా వెళ్ళు, ఆవుల్ని బెదరగొట్టకు. వెళ్ళన్నయ్యా."

ఈల సగంలో ఆగింది. గాలి లీకయింది గాని స్వరం పట్టలేదు. తర్వాత గంటలు కదిలాయి. మబ్బు తన బరువు తను ఈడ్చుకుంటున్నట్టు ఉత్తరానికి తిరిగి, గడ్డి మొలవని బోడి శిఖరం వైపు సాగింది. పోతూ పోతూ దాని అంచు తిహొమిర్ ప్లమ్ చెట్ల మీద ఓ పిడికెడు వడగళ్ళు విసిరింది. అంతే. శిఖరం మీద చాలాసేపు తెల్లగా కురవడం ఊరంతా చూసింది.

తిహొమిర్ తోట నుంచి గుప్పెడు వడగళ్ళు పట్టుకుని వచ్చాడు. "అందర్నీ వదిలి నా మీదే వేశాడు," అన్నాడు. నవ్వబోయాడు, నోరు వంకర తిరిగింది. "ఇంకా కోపం పోలేదన్నమాట."

"కోపం కాదురా," అంది విదొసావ. "పలకరించి పోయాడు." ఆవిడ అతని చేతిలోంచి ఒక వడగల్లు తీసుకుని నోట్లో వేసుకుంది.

దెసాంక కంచె అవతలి నుంచి తన ఇంటి మీగడ గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. స్మిల్యానకు ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు. ఊరిని కాపాడిందని వాళ్ళంతా అనుకుంటున్నారు. ఆమె చేసింది మాత్రం, తలుపు తడుతున్న అన్నను బయటికి పంపించడం. లోపలికి వెళ్ళి బట్టలైనా మార్చుకోకుండా పడుకుంది. మధ్యలో ఎవరో వచ్చి బూట్లు విప్పినట్టు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కోత మళ్ళీ మొదలైంది. పళ్ళు పండితే ఒక్క పూట కూడా ఆగవు. స్మిల్యాన చివరి వరసలో కోస్తుంటే మొక్కల అవతల ఎవరో ట్రే పెట్టిన చప్పుడైంది. ఆకుల్లోంచి తల్లి చేతులు కనిపించాయి. వేళ్ళ కణుపులు పగిలి ఉన్నాయి. ఏప్రిల్ తర్వాత ల్యుబింక తోటలోకి రావడం అదే మొదలు.

ఇద్దరి ట్రేలూ సగం నిండాయి.

"దూడ నిజంగా క్యాబేజీలు తినేసిందా?" అని అడిగింది ల్యుబింక.

"తినేసింది. ఆయన దాన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఎదురుగా కూర్చుని తిననిచ్చాడు."

ల్యుబింక ముక్కు చీదుకుంది. మొక్కల మధ్య నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. "నేను వీటిని నమ్మను," అంది. "ఇప్పటికీ నమ్మట్లేదు. మీ నాయనమ్మకి చెప్పకు, కానీ నిన్న నువ్వు 'ఎవరూ పళ్ళెం పెట్టలేదు' అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డకు పళ్ళెం పెట్టలేదని ఊరందరి ముందూ చెబుతావా అని. రాత్రి పెట్టాను. వాడి చోట పెట్టి, ఎదురుగా కూర్చుని నేను తిన్నాను. చాలా రోజుల తర్వాత తిన్నాను."

స్మిల్యాన ఆకులు పక్కకు తొలగించింది. తల్లి తల ఎత్తకుండా కోస్తూనే ఉంది.

"మళ్ళీ మబ్బొస్తే నన్ను కూడా పిలువు," అంది ల్యుబింక. "ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చెయ్. నేనేం అరవను. నాకు ఆ గొంతు లేదు. నీ పక్కన నిలబడతాను, అంతే. ఒక్కదానివే చెయ్యకు."

"సరేనమ్మా."

ఆ వేసవిలో మబ్బు మళ్ళీ వచ్చింది, ఒకసారి జూలైలో, ఒకసారి కోత అయిపోయాక. రెండుసార్లూ ల్యుబింక తెల్లకోటుతోనే పరిగెత్తుకుంటూ వచ్చి కూతురి మోచెయ్యి పట్టుకుని నిలబడింది. స్మిల్యాన అన్నకు ఊరి కబుర్లు చెప్పింది. నాన్న దూరపు ట్రిప్పులు మానుకున్నాడని చెప్పింది. తను బడికి వెళుతున్నానని, లెక్కల్లో తప్పబోయి గట్టెక్కానని చెప్పింది. ఆ తర్వాత పొమ్మంది. ప్రతిసారీ పొమ్మనడం మొదటిసారంత కష్టంగానే ఉంది. అలవాటవుతుందా అని నాయనమ్మను అడిగితే, "అవుతుంది, అదే నాకు భయం," అందావిడ. "అలవాటు కానివ్వకు. నేను కానిచ్చాను."

అక్టోబరులో తొలి మంచు కురిసింది. మంచు మబ్బుల్లో మందలుండవు, కాపరులుండరు. ల్యుబింక, స్మిల్యాన కలిసి చివరి వరసలోని ఎండు కొమ్మలు కత్తిరించి, లేత కొమ్మల్ని ఇనుప తీగకు కట్టారు. చేతులు గడ్డకట్టుకుపోతుంటే ఇద్దరూ ఒకే జత చేతిజోళ్ళను మార్చి మార్చి తొడుక్కున్నారు. మొక్కలు ఆ చలికాలాన్ని గట్టిగానే తట్టుకున్నాయి.